శాస్త్రీయ పరిశోధన వ్యాసం: పఠనక్రమం - అవగాహన

కీలకపదాలు: పరిశోధన వ్యాసం, పద్ధతులు, నమూనా, పోలిక సమూహం, కార్యకారణసంబంధం, ఉపసంహరణ.

ఉపోద్ఘాతం:

కావ్యాన్ని అవతారిక నుంచి ఆశ్వాసాంతం వరకు వరుసగా చదవడం సాహిత్య విద్యార్థికి అలవాటు. శాస్త్రీయ పరిశోధన వ్యాసం ఆ అలవాటుకు లొంగదు. సంగ్రహం, ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే వరుసలో అది అచ్చవుతుంది. దాని బలాబలాలు తేలేది మాత్రం పద్ధతుల విభాగంలో. భాషాశాస్త్రంలోనో, విద్యాబోధనలోనో ప్రయోగాధారిత వ్యాసాలను ఉదాహరించేటప్పుడు సంగ్రహమూ ముగింపూ చదివి సరిపెట్టుకోవడం పరిపాటి. ఆ తొందరపాటు పర్యవసానాన్ని ఒక వైద్యవ్యాసం ద్వారా పరిశీలించవచ్చు.

1998 నాటి వ్యాసం:

1998 ఫిబ్రవరిలో బ్రిటన్‌కు చెందిన 'ది లాన్సెట్' వైద్యపత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరో 12 మంది రచయితల పేర్లతో ఒక వ్యాసం వెలువడింది. పేగుల సమస్యలతోపాటు ఆటిజం వంటి లక్షణాలు కనిపించిన పిల్లలు దాని విషయం. వారిలో 8 మందిలో ప్రవర్తనాలక్షణాల ఆరంభాన్ని తల్లిదండ్రులు ఎం.ఎం.ఆర్. టీకాతో (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చేది) ముడిపెట్టారని సంగ్రహమే చెబుతుంది. పత్రికల్లో పతాకశీర్షికలకు అంత చాలింది.

పద్ధతుల విభాగాన్ని ప్రశ్నించే పాఠకునికి వేరే చిత్రం కనిపిస్తుంది. పరీక్షించినది ఎందరిని? 12 మందిని. ఎక్కడి నుంచి వచ్చారు? ఒకే ఆసుపత్రి విభాగానికి పంపినవారు. ఎవరితో పోల్చారు? టీకా వేయించుకోని పిల్లల సమూహం ఏదీ లేదు. టీకాకూ లక్షణాలకూ మధ్య వ్యవధి ఎలా తెలిసింది? ప్రధానంగా తల్లిదండ్రుల జ్ఞాపకం వల్ల.

వీటిలో మూడవ ప్రశ్న కీలకం. ఈ టీకా మొదటి మోతాదు ఏడాది దాటిన ప్రాయంలో ఇస్తారు. ఆటిజం లక్షణాలు పెద్దల దృష్టికి వచ్చేదీ చాలామందిలో రెండో ఏటనే. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారి జరిగితే కాకివల్లనే పండు రాలిందనలేము. కాకి వాలని చెట్లను కూడా చూడాలి. మన న్యాయశాస్త్రాలు కాకతాళీయమన్న దానినే ఆధునిక పరిశోధన పోలిక సమూహంతో పరీక్షిస్తుంది.

2002లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనం చేసిన పని అదే. 1991-1998 మధ్య పుట్టిన 5,37,303 మంది పిల్లల్లో టీకా పొందినవారినీ పొందనివారినీ పోల్చగా, టీకా పొందినవారిలో ఆటిజం అధికంగా కనిపించలేదు. ఇక్కడ సంఖ్య కన్నా పోలికే ముఖ్యం. పోలిక లేని లక్షమంది కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేరు.

విస్మయం కలిగించే విషయం మరొకటి. టీకాకూ ఈ లక్షణాలకూ సంబంధాన్ని తాము నిరూపించలేదని 1998 వ్యాసమే తన చర్చా విభాగంలో ఒప్పుకుంది. చర్చలోని ఇటువంటి వాక్యాలను శాస్త్రగ్రంథంలోని పూర్వపక్షమంత శ్రద్ధగా చదవాలి. ఆ వాక్యం మరుగున పడింది. బ్రిటన్‌లో టీకా వేయించేవారు తగ్గారు, తట్టు మళ్లీ తలెత్తింది.

పఠనానికి ఉన్న పరిమితి:

2004లో పదిమంది సహరచయితలు ఆ వ్యాఖ్యానం నుంచి తప్పుకున్నారు. పిల్లల ఎంపిక గురించి చెప్పినది అసత్యమని విచారణలో తేలాక, 2010 ఫిబ్రవరిలో పత్రిక వ్యాసాన్నే ఉపసంహరించింది. ఆధారం బలహీనమని 1998లోనే గ్రహించగలిగిన నిశితపాఠకుడు సైతం ఈ అసత్యాన్ని అక్షరాల్లో పట్టుకోలేడు. సమీక్షకులూ పట్టుకోలేదు. కనుక ఉదాహరించే ముందు మూలపత్రిక పుటను తెరిచి వ్యాసం ప్రస్తుత స్థితిని చూడటం పఠనంలో భాగమే. ఉపసంహరణ ముద్ర అక్కడ ఉంటుంది. ఇతరుల ఉటంకింపుల్లో తరచు ఉండదు.