శిరోధార్యం: ఫెల్టు టోపీ ఎంపిక, కొలత, ధారణ

తెలుగు నుడికారంలో టోపీకి మొదటి నుంచీ అన్యాయమే జరిగింది. తలపాగా గౌరవానికి గుర్తు, కిరీటం అధికారానికి గుర్తు. టోపీ మాత్రం మోసానికి గుర్తుగా మిగిలిపోయింది. "వాడు నాకు టోపీ వేశాడు" అంటే ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు. అయినప్పటికీ మన సహోద్యోగులలో టోపీ కొనేవారి సంఖ్య తక్కువేమీ కాదు. ఎల్.టి.సి. మీద సిమ్లాకో, డార్జిలింగ్‌కో వెళ్లినవారూ, పదవీ విరమణానంతరం విదేశాలలోని పిల్లల వద్ద ఒక చలికాలం గడిపి వచ్చినవారూ తరచు ఒక ఫెల్టు టోపీని వెంట తెచ్చుకుంటారు. నెల తిరిగేసరికి అది బీరువా నెత్తికి చేరుతుంది. కారణమడిగితే "నుదురు నొక్కుతున్నది" అనో, "గాలికి ఎగిరిపోతున్నది" అనో, "వానకు తడిసి వంకరపోయింది" అనో చెబుతారు. మొదటి రెండూ కొలత దోషాలు. మూడవది పదార్థ స్వభావం తెలియకపోవడం వలన కలిగినది. కొలతలూ, పదార్థాలూ మన వృత్తికి చెందిన విషయాలే కనుక ఈ నాలుగు మాటలు వ్రాయడానికి సాహసిస్తున్నాను.

ఫెల్టు నేసిన వస్త్రం కాదు. దానిలో పడుగూ లేదు, పేకా లేదు. మన గొంగళి నేత పని. కశ్మీరులో నేల మీద పరిచే నమ్దా ఫెల్టు పని. జంతువుల రోమాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తే పెంకుటింటి పైకప్పు వలె ఒకదానిపై ఒకటి ఒరిగిన పొలుసులు కనిపిస్తాయి. తడి, వేడి, రాపిడి ఈ మూడూ కలిసినప్పుడు ఆ రోమాలు ప్రాకి, ఒకదానినొకటి పెనవేసుకొని, మరి విడదీయరానంతగా బిగుసుకుంటాయి. ఉన్ని స్వెట్టరును మరుగునీటిలో ఉతికిన గృహిణులకు ఈ సిద్ధాంతాన్ని వేరే బోధించనక్కరలేదు. తండ్రి స్వెట్టరు కొడుకుకు సరిపోయేటంతగా కుంచించుకుపోయి, అట్టలా దళసరి అవుతుంది. టోపీల కర్మాగారంలో ఇదే పనిని బుద్ధిపూర్వకంగా చేస్తారు. టోపీ కంటె చాలా పెద్దదైన పలుచని శంకువును రోమాలతో తయారుచేసి, వేడినీటిలో మర్దిస్తూ కుంచింపజేసి, ఆవిరి పట్టి, కొయ్య అచ్చు మీదికి లాగి ఆకారం తెస్తారు. వేడితో, తడితో వచ్చిన ఆకారం వేడితో, తడితోనే పోతుందన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. టోపీ సంరక్షణ అంతా ఈ ఒక్క సూత్రం మీదనే ఆధారపడి ఉన్నది.

టోపీలకు వాడే ఫెల్టు ముఖ్యంగా రెండు రకాలు. గొర్రె ఉన్నితో చేసినది ఒకటి. కుందేలు, బీవర్ వంటి జంతువుల మెత్తని లోపలి నూగుతో చేసినది రెండవది, దీనిని ఫర్ ఫెల్టు అంటారు. ఉన్ని ఫెల్టు చవక. కొంచెం దళసరిగా, గరుకుగా ఉంటుంది. గట్టిగా తడిస్తే ఆకారం త్వరగా కోల్పోతుంది. ఫర్ ఫెల్టు పలుచగా ఉండీ చిక్కగా ఉంటుంది, తేలికగా ఉంటుంది, చినుకులను తట్టుకుంటుంది, చాలా ఏళ్లు మన్నుతుంది. ధర మాత్రం ఉన్ని టోపీకి అనేక రెట్లు. దుకాణంలో టోపీ అంచును మెల్లగా వంచి వదిలి చూడండి. మంచి ఫెల్టు మడత గుర్తు లేకుండా యథాస్థితికి వస్తుంది. తరువాత వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పలుచని మచ్చలు ఉన్నవీ లేనివీ తెలుస్తాయి. అమెరికా టోపీల లోపల ముద్రించే 'ఎక్స్' గుర్తుల సంఖ్యను చూసి మాత్రం మోసపోవద్దు. ఎన్ని 'ఎక్స్'లకు ఎంత నాణ్యత అన్న ఉమ్మడి ప్రమాణమేదీ లేదు, ఏ సంస్థ లెక్క ఆ సంస్థదే. ఐ.ఎస్.ఐ. ముద్రకు అలవాటుపడిన మనకు ఇది కొంత వింతగానే తోస్తుంది.

ఇక్కడ ఈ మెత్తదనం వెనుకనున్న ఒక కఠోర సత్యం చెప్పుకోవాలి. భద్రతా వారోత్సవాలు జరుపుకునే మన వంటి సంస్థలవారు తప్పక తెలుసుకోవలసినది ఇది. కుందేలు నూగు తనంతట తాను ఉన్ని వలె సులభంగా పెనవేసుకోదు. దానిని లొంగదీయడానికి యూరపులో పాదరసపు నైట్రేటు ద్రావణం పూసేవారు. దానితో రోమాల కొసలు క్యారెట్ రంగుకు తిరిగేవి. ఆ నూగును ఎండబెట్టినప్పుడు, ఆవిరి గదులలో మర్దించినప్పుడు పాదరసం ఆవిరై కార్మికుల ఊపిరిలో చేరేది. ముందు చేతివేళ్లు వణికేవి, చిగుళ్లు వాచి పళ్లు కదిలేవి. ఆపైన నిష్కారణమైన కోపం, నలుగురిలోకి రావడానికి బిడియం, జ్ఞాపకశక్తి క్షీణత. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో టోపీల పరిశ్రమకు పేరుపొందిన డాన్‌బరీ పట్టణం పేరుతో ఆ వణుకును 'డాన్‌బరీ వణుకు' అని పిలిచేవారు. ఊరి పేరే వ్యాధికి పెట్టారంటే అది ఎంత మామూలు విషయమైపోయిందో ఊహించవచ్చును.

ఇంత తెలిసీ, అమెరికాలో ఫెల్టు పరిశ్రమ నుంచి పాదరసాన్ని తొలగించినది 1941 డిసెంబరులో మాత్రమే. దానికి బదులుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి పదార్థాలు వాడుకలోకి వచ్చాయి. పాదరసం యుద్ధంలో డిటోనేటర్లకు అవసరం కావడం కూడా ఆ నిర్ణయానికి తోడ్పడింది. కార్మికుల వణికే చేతులు తరతరాలుగా సాధించలేనిదానిని యుద్ధపు అవసరం సాధించిందన్న మాట! పరిశ్రమలలో భద్రత సరైన కారణాల వలన సరైన సమయంలో రావడం ఎంత అరుదో ఈ ఉదంతం చెబుతున్నది.

ఇది గతించిన కథ అనుకోరాదు. మ్యూజియంలలోని పాత ఫెల్టు టోపీలను పరీక్షించగా వాటిలో నేటికీ పాదరసం ఆనవాళ్లు బయటపడ్డాయి. కనుక తాతగారి ట్రంకుపెట్టెలో స్వాతంత్ర్యానికి పూర్వపు ఫెల్టు టోపీ ఏదైనా దొరికితే దానిని జ్ఞాపికగా అద్దాల పెట్టెలో ఉంచుకోండి. ముచ్చటపడి ఆవిరి పట్టి సాపుచేయడం, పిల్లల తలకు పెట్టి ఫొటోలు తీయడం మంచిది కాదు. దానిని ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి.

ఇక కొలత సంగతి. దర్జీల వద్ద ఉండే గుడ్డ టేపును నుదుటి నడుమ నుంచి, కనుబొమలకూ చెవులకూ ఒక వేలెడు పైగా, తల వెనుక ఉబ్బుగా ఉన్న భాగం మీదుగా చుట్టాలి. బిగించకూడదు, వదులు చేయకూడదు. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. కొప్పు గాని జడ గాని వేసుకునే స్త్రీలు టోపీతోపాటు ఏ కేశాలంకరణ ఉంచదలచుకున్నారో ఆ అలంకరణతోనే కొలుచుకోవడం మేలు. వచ్చిన సెంటీమీటర్ల సంఖ్యే యూరపు కొలత. అమెరికా కొలతలో ఒక చమత్కారం ఉన్నది. చుట్టుకొలతను అంగుళాలలోకి మార్చి 'పై'తో భాగిస్తే వారి సంఖ్య వస్తుంది. అంటే మన తల సరిగ్గా గుండ్రంగా ఉన్నదని భావించి దాని వ్యాసాన్ని చెప్పడమే. 57 సెంటీమీటర్లంటే సుమారు 22.44 అంగుళాలు. 'పై'తో భాగిస్తే 7.14, అనగా అమెరికా కొలతలో 7⅛. బ్రిటిష్ సంఖ్య దానికంటె ⅛ తక్కువ కనుక అదే తల లండనులో 7 అవుతుంది. విదేశాలలోని అబ్బాయికో, అమ్మాయికో టెలిఫోనులో కొలత చెప్పేటప్పుడు సెంటీమీటర్లలోనే చెప్పడం క్షేమం.

అయితే తల వృత్తం కాదు, కోలగా ఉంటుంది. ఒకే చుట్టుకొలత గల రెండు తలలలో ఒకటి పొడవుగానూ, ఒకటి గుండ్రంగానూ ఉండవచ్చును. సంఖ్య సరిపోయినా నుదురు నొక్కి, కణతల వద్ద సందు కనిపిస్తే మీది పొడవు తల అన్నమాట. కణతలు నొక్కి ముందువెనుకల సందు ఉంటే గుండ్రని తల. పందొమ్మిదవ శతాబ్దంలో ప్యారిస్‌లో ఇందుకోసమే ఒక యంత్రాన్ని కనిపెట్టారు. కిరీటంలా తలపై పెడితే తల చుట్టూ కదిలే మీటలు దాని ఆకారాన్ని చిన్న కాగితంపై చుక్కలుగా పొడిచి చూపేవి. మనకు అంత హంగు అవసరం లేదు. డ్రాయింగు ఆఫీసులో వంపులు గీయడానికి వాడే సాగుడు స్కేలును తల చుట్టూ వంచి, ఆ వంపును అట్ట మీద గీస్తే చాలు. ఆ అట్టను దుకాణదారుకు చూపిస్తే ఆవిరితో టోపీ లోపలి వంపును సరిచేయగలడు. రెండు కొలతల మధ్య సందేహం వస్తే పెద్దదే తీసుకోవాలి. వదులుగా ఉంటే లోపలి తోలు పట్టీ వెనుక కాగితపు మడత గాని, పలుచని స్పాంజి గాని పెట్టవచ్చును. బిగుతు టోపీని సాగదీస్తే తిరిగి బిగుసుకుపోయే అవకాశమే ఎక్కువ.

ఆకారాల పేర్లలో మంచి కథలున్నాయి. గుండ్రని గట్టి బౌలర్ టోపీ 1849లో లండనులోని లాక్ దుకాణంలో పుట్టింది, చెట్ల కొమ్మల నుంచి అడవి కాపలాదారుల తలలను కాపాడడం కోసం. అనగా అది మన సేఫ్టీ హెల్మెట్‌కు పెదతండ్రి వంటిది. ఫెడోరా, ట్రిల్బీ రెండూ పురుషుల టోపీలుగా ప్రసిద్ధికెక్కినా, వాటికి ఆ పేర్లు స్త్రీ పాత్రల నుంచి వచ్చినవి. మొదటిది 1882లో ప్యారిస్‌లో సారా బెర్నార్ నటించిన నాటకం నాయిక, రెండవది 1894 నాటి ఆంగ్ల నవల నాయిక. మన దేశంలో ఫెల్టు టోపీకి అన్నిటికంటె గొప్ప గౌరవం తెచ్చినది భగత్ సింగ్ ఛాయాచిత్రం. 1929లో కేంద్ర శాసనసభలో బాంబు విసరడానికి కొద్ది రోజుల ముందు ఢిల్లీలో తీయించుకున్నది అది. అంతకు కొన్ని నెలల ముందే, 1928 డిసెంబరులో, దుర్గాదేవి తోడురాగా లాహోరు నుంచి దొరల వేషంలో రైలెక్కి తప్పించుకున్నప్పుడు కూడా ఆయన తలపై టోపీయే ఉన్నది. దొరల టోపీ దొరలకే టోపీ వేసిన సందర్భం చరిత్రలో మరొకటి ఉన్నదో లేదో! మన తెలుగువారి విషయానికి వస్తే 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు'తో కృష్ణగారు వెడల్పు అంచు కౌబాయ్ టోపీని పల్లెపల్లెకూ పరిచయం చేశారు. ఆ రోజులలో తిరునాళ్లలో అట్ట టోపీ పెట్టుకోని కుర్రవాడు లేడంటే అతిశయోక్తి కాదు.

మీకు ఏది నప్పుతుందో తేల్చుకోవడానికి చేతి అద్దం పనికిరాదు, నిలువుటద్దం ముందు నిలబడాలి. టోపీ ముఖానికే కాక భుజాలకూ, ఎత్తుకూ పొసగాలి. పొట్టివారికి మరీ వెడల్పైన అంచు గొడుగు వలె ఉంటుంది. విశాలమైన ముఖానికి ఇరుకు అంచు పెడితే టోపీ అరువు తెచ్చినట్లుంటుంది. సుమారు ఆరు సెంటీమీటర్ల అంచు ఎక్కువమందికి నప్పుతుంది. మన మేనిఛాయలకు ముదురు గోధుమ, బూడిద రంగులు మిక్కిలి శోభిస్తాయని నా అభిప్రాయం.

ధరించేటప్పుడు ముందుభాగం కనుబొమలకు ఇంచుమించు రెండు వేళ్ల పైన ఉండాలి. కొద్దిగా ఒక ప్రక్కకు ఒరిగితే అందం. మన గూర్ఖా రెజిమెంట్ల జవానులు ఫెల్టు టోపీని కుడివైపుకు ఒరిగించి పెట్టుకునే ఠీవిని గణతంత్ర దినోత్సవ కవాతులో చూసే ఉంటారు. అంత వాలు వారికే చెల్లుతుంది. టోపీని ఎల్లప్పుడూ రెండు చేతులతో అంచు పట్టుకునే తీయాలి, పెట్టాలి. సినిమాలలో వలె ముందు నొక్కును రెండు వేళ్లతో పట్టి ఎత్తే అలవాటు వలన ఫెల్టు సరిగ్గా అక్కడే చిట్లుతుంది. ఇంటిలోనికి ప్రవేశించగానే తీయడం మర్యాద. కోస్తా జిల్లాల మే నెల ఎండలకూ, రామగుండం వేసవికీ ఫెల్టు పనికిరాదు. ఆ కాలానికి గడ్డి టోపీయో, తలకు చుట్టిన తువాలో నయం. ప్లాంటులో మాత్రం హెల్మెట్‌కు ప్రత్యామ్నాయం లేదు. దాని క్రింద మరొక టోపీ పెట్టుకోవడం కూడా తగదు, లోపలి పట్టీల అమరిక చెడుతుంది.

తడిసిన టోపీని పొయ్యి దగ్గరో, ఎండలోనో పెట్టవద్దు. ఎండలో నిలిపిన కారు వెనుక అద్దం క్రింద అసలే వద్దు. వేడికి తోలు పట్టీ కుంచించుకొని, టోపీని తనతో లాక్కుపోతుంది. నీరు దులిపి, లోపలి పట్టీని బయటికి తిప్పి, నీడలో తలక్రిందులుగా ఆరనివ్వాలి. అంచు మీద బరువు పడేటట్లు బల్లపై బోర్లించరాదు, వెల్లకిల ఉంచాలి. ఆరిన తరువాత మెత్తని కుచ్చుతో నూగు వాలిన దిశలో తుడవాలి. నొక్కులు చెదిరితే ఇడ్లీ పాత్ర ఆవిరి చూపి, వేళ్లతో దిద్ది, చల్లారేవరకు కదల్చకుండా ఉంచితే చాలు. వానకాలంలో బూజు, ఏడాది పొడవునా ఉన్ని పురుగు దీనికి శత్రువులు. శుభ్రంగా తుడిచి, నాఫ్తలీన్ ఉండలను చిన్న గుడ్డసంచిలో కట్టి, టోపీకి తగలకుండా పెట్టెలో ఉంచాలి. రైలు ప్రయాణంలో పై బెర్తు మీద టోపీ పెట్టి మరచిపోకండి. ఎవరో ఒకరు దానిని దిండుగా వాడుకుంటారు.