పోరస్ పైపు: చివరి మొక్కకూ సమానంగా తడి అందాలంటే మధ్యలోంచి నీరివ్వండి



కూరగాయల మడుల్లో ఆచ్ఛాదన కింద పోరస్ పైపు, అంటే గోడంతా నీరు చెమర్చే పైపు, వేసుకున్నవాళ్లు నాతో ఎక్కువగా అనే మాట ఒక్కటే: "మొదట్లో బురద, చివర్లో ఎండు." వేసవిలో ఈ తేడాకి చివరి టమాటా మొక్కలు పూత రాల్చేస్తాయి. పైపు నాసిరకమేమో అని ఇంకోటి కొంటారు. కానీ చాలాసార్లు ఇబ్బంది పైపులో ఉండదు, మనం నీరు ఎక్కించే చోటులో ఉంటుంది.

ఎందుకో చూద్దాం. ఈ పైపులో నీరు సుడులు తిరగకుండా, పొరలు పొరలుగా, నిదానంగా పోతుంది. దీన్నే లామినార్ ఫ్లో అంటారు. లోపలి వ్యాసం 13 మిల్లీమీటర్లు ఉంటే, గంటకు సుమారు 60 లీటర్ల లోపు ప్రవాహం ఇలాగే ఉంటుంది. ఇక గోడలోంచి ఊరే నీటి సంగతి. ఫ్రాన్సులోని దిజాన్ ఊరి ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక పొరలోంచి నీటిని పంపి చూసి, 1856లో ఒక సూత్రం ఇచ్చాడు: ఒత్తిడి ఎంత పెరిగితే ఊట కూడా అంత పెరుగుతుంది. పైపు గోడకీ అదే లెక్క.

పైపు పొడవునా నీరు ఊరిపోతూ ఉంటుంది కాబట్టి మొదట్లో ప్రవాహం ఎక్కువ, చివర్లో దాదాపు సున్నా. అందుకే రాపిడికి పోయే ఒత్తిడిలో నాలుగింట మూడు వంతులు మొదటి సగంలోనే పోతుంది. మీటరుకి ఊట అంతే ఉండి పైపు పొడవు రెట్టింపైతే, లోపల నీరూ రెట్టింపు, దూరమూ రెట్టింపు. అంటే ఒత్తిడి నష్టం నాలుగు రెట్లు!

దీన్నే తిరగేయండి. 20 మీటర్ల మడికి ఒక కొస నుంచి కాకుండా, 10 మీటర్ల దగ్గర టీ పెట్టి రెండు వైపులా నీరివ్వండి. పైపు అదే, డ్రమ్మూ అదే, కానీ నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. టీ దాకా మామూలు పైపు వేయండి. అందులో ఎంత ఒత్తిడి పోయినా రెండు వైపులా సమానంగానే తగ్గుతుంది. వీడియోలో ఈ బిగింపు మొత్తం చూపించాను.

ఇంకో మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

మడి మట్టం: డ్రమ్ములో నీటిమట్టం మడి మొదటికంటే 1 మీటరు ఎత్తులో ఉండి, మడి చివర 30 సెంటీమీటర్లు పల్లంగా ఉంటే, రాపిడి లెక్క పక్కన పెడితే అక్కడ ఊట 30 శాతం ఎక్కువ. అదే మామూలు రంధ్రంలోంచి చిమ్మే నీరైతే 14 శాతమే పెరుగుతుంది. అందుకే పోరస్ పైపుని వాలుకి అడ్డంగా, సమమట్టంలో పరవాలి.

నీటి వేడి: 20 డిగ్రీల నీటికంటే 40 డిగ్రీల నీరు పలచన. అదే ఒత్తిడికి సుమారు ఒకటిన్నర రెట్లు ఊరుతుంది. తెల్లవారుజామున కొలిచిన లెక్కతో మధ్యాహ్నం వాల్వు తిప్పకండి.

జీవామృతం: గుడ్డలో ఎంత వడకట్టినా సన్నటి పేడ నలుసు మిగులుతుంది. నీరు గోడలోంచి బయటికే పోతుంది కనుక ఆ నలుసంతా లోపలి గోడకే అతుక్కుని రంధ్రాలు మూసుకుపోతాయి. జీవామృతాన్ని ఆచ్ఛాదన మీద పోయండి, పైపులోకి మంచినీరే పంపండి. రెండు కొసల్లోనూ మూతలు పెట్టి, అప్పుడప్పుడూ తీసి కడగండి.

పైపు కప్పేముందు ఒక పరీక్ష. టీ దగ్గర ఒక మీటరు, రెండు కొసల్లో ఒక్కో మీటరు కింద సగానికి చీల్చిన పీవీసీ గొట్టం పెట్టి, 15 నిమిషాల నీరు పట్టి కొలవండి. పదో వంతుకు మించి తేడా ఉంటే పైపు పొడవు తగ్గించండి, లేదా ఇంకో టీ పెట్టండి. విత్తనం పడకముందే ఈ కొలత చూసుకుంటే, ఎండల్లో మడి చివర నిలబడి మొక్కల్ని చూసి బాధపడే పని ఉండదు.