శవపరీక్షతో తెరుచుకున్న తలుపు

ఏళ్ళ తరబడి సాగుతున్న కథను మధ్యలో అందుకోవడం కొత్త పాఠకునికి కష్టం. 1984 ఫిబ్రవరి సంచికగా అమెరికాలో వెలువడిన ‘స్వాంప్ థింగ్’ బొమ్మల కథల పత్రిక 21వ సంచిక అతనికి విచిత్రంగా స్వాగతం పలికింది - శవపరీక్షతో!

లెన్ వీన్, బెర్నీ రైట్‌సన్ సృష్టించిన ఈ పాత్రకు 1972లో స్వంత పత్రిక ఏర్పడింది. ప్రయోగశాల ప్రేలుడులో కాలిపోతూ చిత్తడినేలలో పడిన శాస్త్రజ్ఞుడు అలెక్ హాలండ్, నాచూ తీగలూ నిండిన వికృతాకారంతో పైకి లేచాడనీ, తిరిగి మనిషి కావాలని తపిస్తున్నాడనీ పాఠకులు నమ్మారు.

అలాన్ మూర్ రచించగా స్టీఫెన్ బిసెట్, జాన్ టోటల్‌బెన్ చిత్రించిన 21వ సంచికలో, తుపాకిగుళ్ళకు కూలిన ఆ దేహాన్ని వుడ్రూ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కోసి చూస్తాడు. ఊపిరితిత్తుల వంటివి ఉన్నాయి, గాలి పీల్చలేవు. గుండె వంటిది ఉంది, రక్తాన్ని నడపలేదు. హాలండ్ ఏనాడో మరణించాడు. అతని స్మృతులను గ్రహించిన మొక్కలు తామే హాలండ్ అని భ్రమించాయి!

వుడ్రూకు ఆ దేహం కొత్త. కొత్త పాఠకునికీ కొత్తే. అతని అన్వేషణ వెంట నడిస్తే పూర్వకథ అంతా బోధపడుతుంది. పాత పాఠకుడో, తనకు తెలిసినదంతా తారుమారు కాగా నివ్వెరపోతాడు. అందరికన్నా తీరని దెబ్బ ఆ ప్రాణికే: తిరిగి పొందాలని తపించిన మానవజన్మ దానికి ఎన్నడూ లేదు.