'నేను లేనని చెప్పు'

పర్సనల్ అసిస్టెంట్ ఉద్యోగమంటే ఫోన్లెత్తడం, ఫైళ్లు మోయడమేనని మన ఇళ్లలో కొందరు పెద్దలు పెదవి విరుస్తారు. వారికి మహదేవ్ దేశాయ్‌ని గుర్తుచేయాలనిపిస్తుంది మాకు. న్యాయశాస్త్రం చదివిన ఆయన 1917 నుంచి, 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో కన్నుమూసేవరకు, గాంధీజీకి కార్యదర్శిగా ఉన్నారు. గాంధీజీ ఆత్మకథను గుజరాతీ నుంచి ఆంగ్లంలోకి తెచ్చినదీ ఆయనే.

టైపింగు, భాష, కంప్యూటరు ఉద్యోగాన్ని ఇప్పిస్తాయి. దానిని నిలబెట్టేది అమానతు. అధికారి జబ్బు, ఇంటి తగాదా, రేపటి టెండరు ధర, అన్నీ సహాయకుని చెవిన పడతాయి. అవి దస్తర్‌ఖాన్ దాకా రాకూడదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఫోను మోగగానే 'నేను లేనని చెప్పు' అంటారు అధికారి. కాదంటే కొలువుకు ముప్పు, సరేనంటే నాలుకపై అబద్ధం. "సార్ ఇప్పుడు మాట్లాడలేరు, విషయం చెప్పండి, రాసుకుంటాను" అంటే అబద్ధమూ లేదు, ఆయన పనీ చెడదు. ఈ పద్ధతికి ఆయన అనుమతిని చేరిన మొదటి వారంలోనే మర్యాదగా అడగాలి. ఆరు నెలలు అబద్ధమాడాక అడగడం ఎవరికైనా కష్టమే. ఫోను చేసినవారి పేరు, వేళ, విషయం నోటుపుస్తకంలో రాసి సాయంత్రం ఆయన ముందుంచాలి.