పాత కారులోని పూడిక

నీటికి కొదవ లేని సీమ గోదావరి డెల్టా. ధవళేశ్వరం వద్ద నదికి అడ్డముగా ఆనకట్ట కట్టడం 1847లో మొదలై 1852లో ముగిసినది. నాటినుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల పొలాలకు కాలువ నీరే జీవనాధారము. అటువంటి సీమలో, ఫాల్గుణం చివర ఎండలు ముదిరేసరికి, కాలువగట్టు రోడ్డుమీద ఒక పాత అంబాసిడరు కారు ఆవిర్లు కక్కుతూ ఆగిపోతుంది. డ్రైవరు చెంబు పట్టుకొని కాలువలోకి దిగుతాడు. నీరు పోయగానే బండి కదులుతుంది. నాలుగు కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగుతుంది. ప్రక్కనే ఇంత నీరుండగా ఈ దాహము ఎందుకు తీరదు? నీరు ఉన్నంత మాత్రాన చాలదు, అది పారవలె. డెల్టా రైతుకు పుట్టుకతో తెలిసిన ఈ సత్యమే కారుకు కూడా వర్తిస్తుంది.

అంబాసిడరు కారుకు ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి మాతృక. హిందుస్థాన్ మోటార్సు సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివరి సంవత్సరాల నుండి 2014 వరకు దీనిని తయారు చేసినది. దానికి పోటీగా నిలిచిన ప్రీమియర్ పద్మిని అంతకు ముందే నిలిచిపోయినది. ఇప్పుడు మిగిలినవి కొందరు మక్కువతో దాచుకొన్న బండ్లు మాత్రమే. ఏబది ఏండ్లు దాటి, అసలు రూపము చెడని వాహనాలను ‘వింటేజి’ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు 2021లో కేంద్ర ప్రభుత్వము చేసినది. అందుచేత పాత భాగాన్ని పారవేసి కొత్తది తగిలించడం కంటె, ఉన్నదానిని బాగుచేయడానికే నేడు విలువ హెచ్చు.

ఇంజనులో పెట్రోలు కాలినప్పుడు పుట్టే శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే బండిని నడుపుతుంది. తక్కినది వేడిగా మారి, కొంత పొగగొట్టము ద్వారా, కొంత నీటి ద్వారా బయటికి పోవలె. ఈ నీటి ఏర్పాటును డెల్టాతో పోల్చి చూస్తే విద్యార్థులకు సులభముగా బోధపడుతుంది. పంపు నీటిని ముందుకు తోస్తుంది. థర్మోస్టాటు అనే చిన్న కవాటము కాలువ మొదట ఉండే తూము తలుపు వంటిది. ఇంజను తగినంత వేడెక్కేవరకు అది మూసుకొని ఉండి, తరువాత తెరుచుకొంటుంది. అక్కడినుండి వేడినీరు రేడియేటరులోని సన్నని గొట్టాలలోనికి, పంట బోదెలలోనికి చీలినట్లుగా చీలుతుంది. ఫ్యాను గాలికి చల్లబడి, అడుగు గొట్టము గుండా మళ్లీ ఇంజనుకు చేరుతుంది.

బోదె పూడితే చేను ఎండుతుంది. గొట్టము పూడితే ఇంజను కాగిపోతుంది. ఈ పూడిక మూడు దారుల వస్తుంది. ఇంజను దిమ్మె పోత ఇనుముతో చేసినది కనుక లోపల తుప్పు పుట్టి గోధుమరంగు బురదగా దిగుతుంది. కాలువ నీటితో ఒండ్రు వస్తుంది. బావినీటితో సున్నము వస్తుంది. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు సముద్రపు దాపున ఉన్న బావులలోనైతే ఉప్పు కూడా తోడై లోహాన్ని తినివేస్తుంది. ఆవిరై పోయేది నీరు మాత్రమే. అందులో కరిగిన సున్నము, ఉప్పు లోపలనే నిలిచిపోతాయి. నీళ్లు కాచే కాగు అడుగున పేరుకొనే తెల్లని పెచ్చు ఇటువంటిదే. కాబట్టి దారిలో చెంబుతో పోసిన నీరు అప్పటికి గండము గడిపినా, రేపటి గండానికి బీజము వేస్తుంది.

ఈ మరమ్మతులో మొదటి పాఠము ఓర్పు. వేడిగా ఉన్న ఇంజనుపై రేడియేటరు మూత తీయరాదు. మూత లోపలి ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. చదరపు అంగుళానికి ఏడు పౌన్ల అదనపు ఒత్తిడి ఉంటే నీరు 100 డిగ్రీల వద్ద గాక సుమారు 111 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత తీసిన క్షణములో ఆ ఒత్తిడి తొలగి, నీరంతా ఒక్కసారి పొంగి ముఖముమీదికి చిమ్ముతుంది. ఇంజను చల్లారక ముందే చన్నీరు పోస్తే పోత ఇనుము పగులవచ్చును కూడా.

చల్లారిన తరువాత రేడియేటరు అడుగున, ఇంజను ప్రక్కన ఉండే కుళాయిలను విప్పి నీరంతా వదలవలె. ఆ పిమ్మట అడుగు గొట్టమునుండి పైకి, అనగా ఎదురు దిశలో, శుభ్రమైన నీటిని పంపవలె. నీరు తేటగా వచ్చేవరకు ఈ పని సాగవలె. ఏటా వేసవిలో డెల్టా కాలువలు కట్టివేసి పూడిక తీయడము ఎట్టిదో, ఇదీ అట్టిదే. దీనికి లొంగని పూడిక ఉంటే రేడియేటరును ఊడదీసి పనివాని వద్దకు చేర్చవలె. అతడు పై తొట్టె అతుకు కరగించి విప్పి, గొట్టము గొట్టములోనికి సన్నని ఊచ దూర్చి తోముతాడు. మళ్లీ తగరము, సీసము కలిసిన లోహముతో మాటు పెడతాడు. తరువాత మూతులు బిగించి, నీటి తొట్టెలో ముంచి గాలి పంపుతాడు. బుడగ వచ్చినచోట చిల్లి ఉన్నట్లు.

థర్మోస్టాటు పరీక్ష బడి ప్రయోగశాలలో చేయదగినది. దానిని దారముతో కట్టి నీటి గిన్నెలో వ్రేలాడదీసి, ప్రక్కన ఉష్ణమాపకము ఉంచి వేడిచేయవలె. దానిమీద ముద్రించిన అంకె, ఉదాహరణకు 82 డిగ్రీలు, సమీపించగానే తలుపు మెల్లగా తెరుచుకోవలె. మనది వేడి సీమ గదా అని కొందరు దీనిని పీకి పారవేస్తారు. అది పొరపాటు. ఇంజను తగిన వేడికి రాక పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. భాగాలు త్వరగా అరుగుతాయి.

ఇక హీటరు సంగతి. అది అన్ని బండ్లలోనూ ఉండేది కాదు. ఉన్నచోట కూడా, గోదావరి ఎండలో ఇదెందుకని రెండు గొట్టాలను కలిపివేసి దానిని వేరు చేసినవారు ఉన్నారు. నిజానికి అది కారు లోపల ఉండే మరొక చిన్న రేడియేటరు. వానకాలపు సాయంత్రము ముందు అద్దముపై పట్టిన మసకను వెచ్చని గాలితో పోగొడుతుంది. మారేడుమిల్లి నుండి చింతూరు పోయే ఘాటు రోడ్డుమీద ఇంజను కాగిపోతున్నప్పుడు హీటరు పూర్తిగా తెరిస్తే కొంత వేడిని లాగివేసి ఆపద గట్టెక్కిస్తుంది. దానికి పోయే రెండు గొట్టాలలో ఒకటి వేడిగా, రెండవది చల్లగా ఉంటే లోపల నీరు పారడములేదని అర్థము. కొత్తనీరు నింపేటప్పుడు హీటరు కవాటము తెరిచి ఉంచవలె. లేనిచో గాలి చిక్కుకొని నీటి దారికి అడ్డుపడుతుంది. నింపేది కూడా బట్టీ పట్టిన శుద్ధజలము కావలె. అందులో పాత రాగి, ఇత్తడి రేడియేటరుకు సరిపడే తుప్పు నిరోధక ద్రవము కలపవలె.

ఇప్పటి కార్ల రేడియేటర్లలో చాలావరకు అల్యూమినియము, ప్లాస్టిక్కు చేరినవి. వాటికి చిల్లి పడితే మాటు పెట్టడము కుదరదు. పారవేసి కొత్తది బిగించడమే. అందువలన ఊచతో గొట్టము తోమి, మాటు పెట్టే పనివాని అవసరము తగ్గుతున్నది. ఇత్తడి పాత్రలకు నవాసారము రుద్ది కళాయి వేసేవారు వీధులలో అరుదైనట్లే, ఈ విద్యకూ వారసులు తగ్గవచ్చును. పాత కారు ఉన్నా, నీరు ఉన్నా, ఆ చేయి లేకపోతే బండి బొమ్మగా మిగులుతుంది. విజ్ఞాన పాఠము చెప్పే ఉపాధ్యాయులు పిల్లలను ఒక పూట ఆ కొట్టుకు తీసుకొనిపోవడము మంచిది. ఒత్తిడి, మరుగుస్థానము, లోహాల కరగుదల, తుప్పు అనే నాలుగు పాఠాలు అక్కడ ఒకే బల్లమీద కనబడతాయి. చూసిన పిల్లలలో ఒక్కడైనా ఆ పని నేర్చుకొంటానంటే మరీ మంచిది.