మూత్రాశయంలో వైరస్‌లు, పటాన్‌చెరు వాగులో సిప్రో

మూత్రంలో మంట పుడితే మనవాళ్లు ముందు అనే మాట ‘వేడి చేసింది’. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగాక కూడా తగ్గకపోతే మెడికల్ షాపులో అడిగి సిప్రో మాత్ర వేసుకుంటారు. ఆ మాత్ర బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది. వైరస్‌ను ఏమీ చేయలేదు.

మూత్రాశయంలో వైరస్‌లా? అవును. 1971లో కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఒక రోగి మూత్రంలో కొత్త వైరస్ బయటపడింది. ఆ రోగి పేరులోని పొడి అక్షరాలే దానికి పేరయ్యాయి: బీకే. మనలో చాలామందికి చిన్నప్పుడే సోకి, చప్పుడు చేయకుండా కిడ్నీల్లో మకాం వేస్తుంది. ఎముక మజ్జ మార్పిడి తర్వాత ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోతే విజృంభించి మూత్రంలో రక్తం పడేలా చేస్తుంది. ఇక మూత్రం కల్చర్ పరీక్షలో ఏ బ్యాక్టీరియా దొరక్కపోయినా ఏళ్ల తరబడి పొత్తికడుపు నొప్పితో, మాటిమాటికీ బాత్రూమ్‌కు పరుగెత్తేవాళ్లున్నారు. వాళ్ల జబ్బు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్. అలాంటి కొందరి మూత్రంలోనూ బీకే కనిపించింది. జబ్బుకు కారణం అదేనా, లేక జబ్బు వచ్చాక చేరిందా అన్నది తేలలేదు. దొంగ దొరికాడని ఇప్పుడే చాటింపు వేయడం తొందరపాటు.

పిల్లల మూత్రాన్ని ఎర్రగా మార్చేవాటిలో 11వ రకం అడినోవైరస్ ఒకటి. దాని దాయాది 5వ రకాన్ని మార్చి తయారుచేసిన మందును మూత్రాశయ క్యాన్సర్‌కు 2022 డిసెంబరులో అమెరికా ఆమోదించింది. మూడు నెలలకోసారి గొట్టం ద్వారా మూత్రాశయంలోకే ఎక్కిస్తారు!

మళ్లీ సిప్రో దగ్గరికి వద్దాం. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రంలో, శుద్ధి అయి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో వెలువడిన లెక్క ఇది: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్. రోజుకు సుమారు 45 కిలోలు. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో మింగే మందు అది! ఆ నీళ్లు కలిసిన వాగులో, దిగువన అడుగు మట్టిలో, బ్యాక్టీరియాను మందులకు లొంగకుండా చేసే జన్యువులు కుప్పలుగా ఉన్నాయని 2011లో మరో అధ్యయనం చెప్పింది.

మందుకు చావని బ్యాక్టీరియాను తినే వైరస్‌లూ ఉన్నాయి. వాటి పేరు ఫేజ్‌లు. జార్జియా రాజధాని టిబిలిసిలో వాటితో వైద్యం చాలాకాలంగా ఉంది. ప్రొస్టేట్ ఆపరేషన్ అవసరమై, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా ఉన్న మగవాళ్లకు అక్కడే ఒక పరీక్షలో ఫేజ్‌లను మూత్రాశయంలోకి ఎక్కించారు. యాంటీబయాటిక్‌కు తీసిపోలేదు. తమాషా ఏమిటంటే, ఫేజ్‌లు లేని ఉత్త ద్రవం ఎక్కించినవాళ్లకూ ఇంచుమించు అంతే గుణం కనిపించింది.