కళ్ళలోకి చూస్తే వశమైపోతామా?

మొన్న మా బడికి ఒక ఇంద్రజాలికుడు వచ్చాడు. తొమ్మిదో తరగతి కుర్రవాణ్ణొకణ్ణి వేదిక మీదికి పిలిచి, "నిద్ర... గాఢనిద్ర..." అంటూ కాసేపు మాట్లాడాడు. తర్వాత ఉల్లిపాయ చేతికిచ్చి, "ఇది తియ్యని ఆపిల్ పండు" అన్నాడు. వాడు లొట్టలు వేసుకుంటూ తిన్నాడు! పిల్లలంతా నోళ్ళు వెళ్ళబెట్టారు.

మర్నాడు నా క్లాసులో పాఠం సాగలేదు; అన్నీ ప్రశ్నలే. సాయంత్రం ఒక విద్యార్థి తండ్రి కూడా వచ్చాడు. ఆయన కొడుక్కి మూర్ఛవ్యాధి. "మాత్రలు మాన్పించి హిప్నాటిజం చేయిస్తే నయమవుతుందంటున్నారు. చేయించమంటారా మాస్టారూ?" అని అడిగాడు. ఆయనకేం చెప్పానో చివర్లో చెబుతాను. ముందు హిప్నాటిజం అంటే ఏమిటో చూద్దాం.

ఈ కథ మెస్మర్ అనే వైద్యుడితో మొదలవుతుంది. ఆయన 1778లో వియన్నా నుంచి పారిస్ చేరాడు. కంటికి కనిపించని అయస్కాంత ద్రవమొకటి విశ్వమంతటా నిండి ఉందనీ, దాన్ని రోగి శరీరంలోకి మళ్ళించి జబ్బులు నయం చేస్తాననీ చెప్పేవాడు. 1784లో ఫ్రాన్సు రాజు 16వ లూయీ, నిజానిజాలు తేల్చమని ఒక సంఘాన్ని నియమించాడు. మీరు పాఠాల్లో చదువుకున్న లవోయిజర్, బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందులో సభ్యులు. మెస్మర్ శిష్యుడొకాయన తోటలో ఒక చెట్టుకు 'శక్తి' ఎక్కించాడు. పన్నెండేళ్ళ కుర్రవాడికి కళ్ళకు గంతలు కట్టి, ఒక్కొక్క చెట్టు దగ్గరికే నడిపించారు. వాడు శక్తి ఎక్కించిన చెట్టును చేరనే లేదు. వేరే చెట్టు దగ్గరే స్పృహతప్పి పడిపోయాడు! దీన్నిబట్టి ఏం తేలింది? శక్తి చెట్టులో లేదు. వాడి నమ్మకంలో ఉంది.

1756లో గోవాలో పుట్టిన ఫారియా అనే క్రైస్తవ గురువు 1813లో పారిస్‌లో ఇలాంటి ప్రదర్శనలే ఇచ్చాడు. అయితే ఆయన, "నాలో ఏ మహిమా లేదు, జరిగేదంతా ఎదుటివారి మనసులోనే" అనే అర్థం వచ్చేలా బోధించాడు. గ్రీకు భాషలో 'హిప్నోస్' అంటే నిద్ర. ఆ మాట నుంచి 'హిప్నాటిజం' అనే పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో వైద్యం చేసిన జేమ్స్ బ్రెయిడ్. ఆయన పుస్తకం 1843లో వచ్చింది.

ఇక మా పిల్లల ప్రశ్నలకు వద్దాం.

అది నిద్రేనా?

కాదు. పేరు అలా స్థిరపడిపోయిందంతే. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఇ.ఇ.జి. యంత్రంతో చూస్తే, అవి నిద్రలోని తరంగాల్లా ఉండవు. మెలకువలోని వాటినే పోలి ఉంటాయి. మంచి కథ చదువుతున్నప్పుడు అమ్మ పిలిచినా వినిపించదు కదూ? ధ్యాస అలా ఒకే విషయం మీద నిలిచిన స్థితి అది. అందుకే "మళ్ళీ మేలుకోకపోతే?" అన్న భయం అనవసరం. చేసేవాడు మధ్యలో వెళ్ళిపోయినా, మనిషి కాసేపటికి తానే మామూలుగా లేస్తాడు.

చేసేవాడి కళ్ళలో శక్తి ఉంటుందా?

ఉండదు. మీరే ఒక ప్రయోగం చేయండి. జానెడు దారానికి ఉంగరం కట్టండి. కాగితం మీద గీత గీసి, మోచేతిని బల్లకు ఆనించి, ఉంగరాన్ని గీతకు పైన వేలాడనివ్వండి. చేతిని కదపవద్దు. "గీత వెంబడి ఊగుతోంది" అని మనసులో అనుకుంటూ చూస్తూండండి. కాసేపటికి చాలామంది చేతుల్లో ఉంగరం ఊగుతుంది! మీ ఆలోచనే వేలి కండరాలను, మీకు తెలియనంత సూక్ష్మంగా కదిలించింది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1833లోనే ఈ సంగతి వివరించాడు. చింతకాయ తలచుకుంటే నోరూరడం లేదూ? మాటకూ తలపుకూ శరీరం స్పందిస్తుంది. ఈ స్పందన అందరిలో ఒకేలా ఉండదు. కొద్దిమంది చాలా తేలిగ్గా స్పందిస్తారు, కొద్దిమంది అసలు స్పందించరు, ఎక్కువమంది మధ్యస్థంగా ఉంటారు.

మన చేత రహస్యాలు చెప్పించి, నగలు ఇప్పించేయగలరా?

ఆ ఉల్లిపాయ కుర్రవాణ్ణి తర్వాత నేనే అడిగాను. "ఉల్లిపాయేనని తెలుసు సార్. అందరూ చూస్తున్నారు, ఆయన చెప్పినట్టు చేయాలనిపించింది. ఘాటు మాత్రం అంతగా తెలియలేదు" అన్నాడు. చూశారా? వాడికి తెలివి ఎక్కడికీ పోలేదు. దారిన పోయేవాడు ఒక్క చూపుతో ఎవరినీ బొమ్మలా ఆడించలేడు. మోసగాళ్ళ ఆయుధాలు వేరు: తీపిమాటలు, తొందరపెట్టడం, ఒక్కోసారి మత్తుమందు కలిపిన తినుబండారం. జాగ్రత్త పడవలసింది వాటి దగ్గర.

మరచిపోయినవి గుర్తుకు వస్తాయా?

ఇక్కడే ఎక్కువ ప్రమాదం ఉంది. హిప్నాటిజంలో మనిషి ఊహించినదాన్ని కూడా నిజంగా జరిగినట్టే గట్టిగా నమ్మి చెప్పవచ్చు. ధీమా పెరుగుతుంది గాని నిజం పెరగదు. పోయిన గొలుసు కోసం ఇలా 'అంజనం' వేయిస్తే, నిరపరాధి మీద నింద పడవచ్చు. పరీక్షల్లో జ్ఞాపకశక్తికి కూడా ఇది దగ్గరిదారి కాదు. చదవనిది ఎవరు తెచ్చిపెడతారు?

మరి వైద్యానికి పనికిరాదా?

పనికివస్తుంది, హద్దుల్లో. మత్తుమందులు ఇంకా వాడుకలోకి రాని 1845లో, బెంగాలులోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే వైద్యుడు ఈ పద్ధతిలో శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు. తర్వాత ఈథర్, క్లోరోఫారం వచ్చాయి. అవి దాదాపు అందరి మీదా పనిచేస్తాయి కనుక ఆ పద్ధతి వెనకబడింది. నేడు శిక్షణ పొందిన వైద్యులు, మనస్తత్వ నిపుణులు నొప్పిని, ఆందోళనను, కొన్ని రకాల పేగుల బాధను తగ్గించడానికి, అసలు చికిత్సకు తోడుగా దీన్ని వాడుతున్నారు. తోడుగానే గాని బదులుగా కాదు.

ఆ తండ్రికి కూడా అదే చెప్పాను. మూర్ఛ మెదడుకు సంబంధించిన జబ్బు. మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. "మానడమైనా, తగ్గించడమైనా మీ డాక్టరు చెప్పాలి" అన్నాను. ఆయన మర్నాడే కొడుకును తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. పిల్లవాడు మాత్రలు వేసుకుంటూ రోజూ బడికి వస్తున్నాడు.

ఇంతకూ మీ ఉంగరం ఊగిందా? ఈసారి కళ్ళకు గంతలు కట్టుకుని పట్టుకోండి. ఏం జరిగిందో పక్కనున్న మిత్రుణ్ణి చూసి చెప్పమనండి. ఎందుకలా అయిందో మీరే ఆలోచించండి!